ఎక్కడేసిన గొంగడి అక్కడే ఉండొద్దు

(చేతికుట్టు ఉన్న ఉన్ని శాలువాలు కప్పుకోవడం, కాపాడుకోవడం గురించి హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫ్యాన్ ఆపించినందుకు ఏమీ అనుకోకండి. బల్ల మీద పరిచిన శాలువా కొసలు గాలికి లేస్తున్నాయి. దీన్ని మీరంతా దగ్గర నుంచి చూడాలని తెచ్చాను. వెనక కూర్చున్న అక్కలు కూడా ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇది మా అమ్మది. దసరా, దీపావళి దాటగానే మూటలు భుజాన వేసుకుని కాశ్మీర్ వాళ్లు మన గల్లీల్లోకి వస్తారు కదా, అట్లా వచ్చిన ఒకాయన దగ్గర కొన్నది. ఒక్కసారే డబ్బు కట్టలేదు. మూడు చలికాలాలు కట్టింది. ఆయన ఏటేటా వచ్చి మా అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, చిన్న నోటుబుక్కులో రాసుకుని పోయేవాడు. గంధం రంగు ఉన్ని, అంచు పొడవునా మామిడి పిందెలు. మనం మామిడి పిందె అంటాం, వాళ్లు బాదం అంటారు.

అమ్మ దీన్ని ఎన్నిసార్లు కప్పుకుందో వేళ్ల మీద చెప్పగలను. అక్క పెళ్లిలో, నాయన రిటైర్మెంటు రోజున, ఒకసారి భద్రకాళి గుడికి పోయినప్పుడు. మిగతా రోజులన్నీ సందుగలోనే. పాలిథిన్ కవర్, లోపల నాలుగు కలరా ఉండలు, పైన తాళం. అమ్మ పోయాక నేను తీసి విప్పాను. ఒక చిల్లు, దాని కింద మడతలో సరిగ్గా అదే చోట ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. పద్నాలుగు లెక్కపెట్టాను. కలరా ఉండలు ఎప్పుడో కరిగి గాలిలో కలిసిపోయాయి. అవి ఉన్న చోట కాస్త మరక మాత్రం మిగిలింది.

అదే ఇంట్లో, వసారాలో కొయ్యకు మా తాత గొంగడి వేలాడేది. దానికి కవర్ లేదు, తాళం లేదు. తాత వానలో నెత్తి మీద వేసుకునేవాడు, పొలం దగ్గర పరుచుకుని పడుకునేవాడు, పొద్దున్నే వాకిట్లో నిలబడి రెండు చేతులతో పటపటా దులిపేవాడు. అది పాతబడింది, అంచులు అరిగాయి. కానీ పురుగు కొరికిన చిల్లు ఒక్కటి లేదు. రెండూ గొర్రె ఉన్నే. ఒకటి కంటికి రెప్పలా దాచింది, ఇంకొకటి రోజూ వాడింది. దాచిందే పోయింది.

ఆ పద్నాలుగు చిల్లులు చూసిన రోజు నుంచే నేను రఫూ పని, అంటే చిల్లులను దారంతో నింపే పని, నేర్చుకున్నాను. ఇవాళ మీకు చెప్పాలనుకున్నది కూడా అక్కడి నుంచి వచ్చిందే. పని సాగకపోతే మనం ‘ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది’ అంటాం. ఉన్ని బట్ట విషయంలో ఆ మాట ఉన్నదున్నట్టు నిజం. వేసిన చోట కదలకుండా ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఎందుకో చెబుతాను. ఉన్ని అంటే కెరటిన్ అనే ప్రోటీన్. మన వెంట్రుక, గోరు కూడా అదే. చాలా పురుగులకు అది అరగదు. కానీ కొన్నిటికి అరుగుతుంది. వాటిలో ముఖ్యమైనది బట్టల చిమ్మట. లేత బంగారు రంగులో బియ్యపు గింజంత ఉంటుంది. దీపం చుట్టూ తిరిగే పురుగులను చూసి మీరు బెదిరిపోతారు కానీ అవి ఇవి కావు. బట్టల చిమ్మటకు వెలుతురంటే పడదు, చీకట్లోకే పారిపోతుంది. ఇంకో సంగతి, రెక్కలున్న చిమ్మట ఏమీ తినదు. గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే తెల్లటి చిన్న పురుగు తింటుంది. తింటూ, దారంతో చిన్న గొట్టం అల్లుకుని అందులోనే ఉంటుంది. మడతల్లో బూజు పట్టినట్టు తెల్లటి పోగులు, ఇసుక రేణువుల్లాంటి రెట్ట కనిపిస్తే అర్థం చేసుకోండి.

దానికి చీకటి కావాలి, కదలిక ఉండకూడదు, ఉన్నికి కాస్త చెమటో నూనో కూర తునకో అంటుకుని ఉండాలి. ఉత్త ఉన్ని మీద కంటే మురికి ఉన్ని మీద అది బాగా బలుస్తుంది. ఇప్పుడు మన బీరువాలు గుర్తు చేసుకోండి. మనకు చలి ఉండేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, మహా అయితే శివరాత్రి దాకా. రెండు మూడు నెలలు కప్పుకుని, ఉతక్కుండా అట్లాగే మడతపెట్టి, తొమ్మిది నెలలు చీకట్లో పెడుతున్నాం. మధ్యలో వానాకాలం ఉక్క. పురుగుకు ఇంతకంటే సుఖం ఏముంటుంది?

మెడ దగ్గర చూడండి. ఈ శాలువాలో ఎక్కువ చిల్లులు ఇక్కడే, నడుమ భాగంలో ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల దాకా జడ, రోజూ కొబ్బరి నూనె. కప్పుకున్నది మూడుసార్లే అయినా నూనె అంటింది. అంటిన చోటును పురుగు వెతుక్కుంది. అందుకే నేను అందరికీ చెప్పేది, జడ శాలువా లోపలికి పోనివ్వకండి, పైకి తీసి కొప్పు పెట్టుకోండి. లేదా మెడ చుట్టూ ముందు ఒక పలచని నూలు చున్నీ వేసుకుని దాని మీద శాలువా వేసుకోండి. చున్నీని రోజూ ఉతుక్కోవచ్చు. సెంటు కొట్టుకునేది ఉంటే శాలువా వేసుకోకముందే కొట్టుకుని, ఆరనిచ్చి, తర్వాత వేసుకోండి.

ఇక కుట్టు సంగతి. ఇది సోజ్ని పని. సన్న సూదితో, సన్న దారంతో, ఉన్ని పోగును పట్టీ పట్టనట్టు పట్టుకుంటూ పోతారు. వెనక్కి తిప్పి చూపిస్తాను, చూడండి. మంచి సోజ్ని అయితే వెనక వైపు కూడా ముందు వైపులాగే శుభ్రంగా ఉంటుంది. ఒళ్లంతా ఇట్లా కుట్టు ఉన్న శాలువాకు ఏళ్లు పడుతుంది. రెండో రకం ఆరి. ఆరి అంటే మీకు కొత్త కాదు. మన దగ్గర జాకెట్ల మీద మగ్గం వర్క్ చేస్తారు కదా, ఆ కొక్కెం సూదే ఆరి. గొలుసు కుట్టు పడుతుంది. మూడోది కాని శాలువా. అది కుట్టు కాదు, నేత. చిన్న చిన్న పుల్లలకు రంగు దారాలు చుట్టి మగ్గం మీదే పూలు నేస్తారు. మూడింటినీ కలిపి ‘కాశ్మీర్ వర్క్’ అనేస్తాం కానీ కాపాడుకునే తీరు వేరు.

ఆరి కుట్టుకు ఒక ప్రమాదం ఉంది. గొలుసు కుట్టులో చివరి ముడి ఊడి, ఆ కొస పట్టుకుని లాగితే పువ్వంతా ఊడి వచ్చేస్తుంది. గాజుకో, చీర పిన్నుకో తగులుకుని ఒక పోగు పైకి లేచిందనుకోండి, కత్తెర తీసుకోకండి. లాగకండి. సూది మొన కాదు, సూది వెనక భాగంతో ఆ పోగును మెల్లగా వెనక వైపుకు నెట్టేయండి. అంతే. కత్తిరిస్తే రెండు కొసలు తయారవుతాయి. అక్కడి నుంచి విప్పుకుంటూ పోతుంది. పిన్ను పెట్టాలంటే కుట్టు మీద పెట్టకండి, అసలు శాలువాకు పిన్నే వద్దు. స్కూటీ మీద పోయేటప్పుడు మాత్రం కొసలు రెండూ ఒళ్లోకి తెచ్చుకుని కూర్చోండి. వెనక చక్రంలో పడితే పోయేది శాలువా ఒక్కటే కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

మన లంబాడీ అక్కల కుట్టు కూడా గొప్పదే. అద్దాలు, గవ్వలు, రంగు రంగుల దారాలు. కానీ అది ఎక్కువగా నూలు బట్ట మీద ఉంటుంది. నూలుకు నీళ్లంటే భయం లేదు. ఉన్నికి ఉంది. గుజరాత్‌లో కచ్ వైపు రబారీలు ఉంటారు, మన కురుమ, గొల్లల్లాగే మందలు కాసేవాళ్లు. వాళ్ల ఆడవాళ్లు నల్ల ఉన్ని ఓణీ మీద కుట్టు కుట్టుకుంటారు. గొర్రెల వెంట తిరిగే మనుషులు కాబట్టి రోజూ కప్పుకునే బట్ట మీదే తమ చేతిపని చూపించుకున్నారు. ఆ మాట వింటే నాకు మా తాత గొంగడే గుర్తొస్తుంది.

గొంగడి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. మన దక్కని గొర్రె ఉన్ని ముతక. అదే దాని బలం. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డు వల్ల వాన చినుకు జారిపోతుంది. నేతకు ముందు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారు. ఇప్పుడు మన జిల్లాల్లో మందలు మారిపోయాయి. మాంసం కోసం ఉన్ని లేని ఎర్ర నెల్లూరు గొర్రెలు వచ్చాయి, నల్ల ఉన్ని గొర్రెలు తగ్గాయి, నేసే చేతులూ తగ్గాయి. మీ ఇంట్లో తాతల నాటి గొంగడి ఉంటే దయచేసి కారు తుడిచే గుడ్డ చేయకండి. దాన్ని దులపండి, ఎండలో వేయండి. రంగు అద్దని ఉన్ని కాబట్టి గొంగడికి ఎండ భయం తక్కువ. కాశ్మీరీ శాలువాను మాత్రం ఆ ఎండలో వేయకండి. కుట్టు దారం రంగు వెలిసిపోతుంది.

ఉతుకుడు. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే.

ఉన్ని పోగును భూతద్దంలో చూస్తే చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని మళ్లీ విడవవు. బట్ట ముడుచుకుని దళసరిగా అయిపోతుంది. దాన్ని మళ్లీ సాగదీయడం ఎవరి తరమూ కాదు. మామూలు బట్టల పౌడర్లలో మరకలు తీయడానికి ప్రోటీన్‌ను కరిగించే ఎంజైములు వేస్తారు. ఉన్నీ ప్రోటీనే, పట్టు దారమూ ప్రోటీనే. మరకతో పాటు బట్టనూ తింటాయి. అందుకే ఉన్ని బట్టలకని అమ్మే లిక్విడ్ వాడండి. లేదంటే మన కుంకుడుకాయలు ఉండనే ఉన్నాయి. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, రెండుసార్లు వడగట్టిన రసం. లేత రంగు శాలువాకు మాత్రం కుంకుడు వద్దు, గోధుమ రంగు ఛాయ పడుతుంది.

తడపకముందు ఒక పరీక్ష చేయండి. తెల్లటి నూలు గుడ్డ తడిపి పిండి, కుట్టు వెనక వైపు ఒక్కో రంగు మీద ఒక నిమిషం అదిమి పట్టుకోండి. ఎరుపు, నలుపు, ముదురు నీలం, వీటిని వదలకండి. గుడ్డకు రంగు అంటిందా, ఇంట్లో నీళ్లలో పెట్టే ఆలోచన మానుకోండి. డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు చేతికుట్టు అని, ఉన్ని అని రెండుసార్లు చెప్పి, చీటీ మీద రాయించుకోండి. నేను ఒకసారి చెప్పకుండా ఇచ్చాను. కుట్టు మీద నేరుగా వేడి ఇస్త్రీ పెట్టి ఇచ్చారు. ఉబ్బెత్తుగా ఉన్న పూలన్నీ అణిగిపోయి నిగనిగలాడుతూ వచ్చాయి. ఆ పూలు మళ్లీ లేవలేదు.

రంగు పోదని తేలితే పెద్ద టబ్బు తీసుకోండి. మామూలు చల్లదనం ఉన్న నీళ్లు. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం పైట్యాంకు నీళ్లు చేయి పెడితే కాలతాయి, ఆ నీళ్లు పట్టుకోకండి. తెల్లవారుజామున పట్టుకోండి. లిక్విడ్ ముందు నీళ్లలో కలిపి, తర్వాత శాలువాను దించండి. రుద్దొద్దు, పిండొద్దు, బండకు కొట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు. పసిపిల్లకు నీళ్లు పోసినట్టు అరచేతులతో అదుముతూ మూడు నాలుగు నిమిషాలు. అంతకంటే నానబెట్టకండి. జాడించే నీళ్లు కూడా అంతే చల్లగా ఉండాలి. ఒక నీళ్లు వేడి, ఇంకో నీళ్లు చల్లన అయితే ఉన్ని బెదురుతుంది. బయటికి తీసేటప్పుడు ఒక కొస పట్టుకుని ఎత్తకండి. నీళ్ల బరువుకు సాగిపోతుంది. రెండు చేతులూ కింద పెట్టి ముద్దగా ఎత్తండి. మందపాటి టవల్ మీద పరిచి, చాపలాగా చుట్టి, పైన మోకాలితో అదమండి.

ఆరబెట్టడానికి నవారు మంచాన్ని మించింది లేదు. తెల్ల పంచె ఒకటి పరిచి, దాని మీద శాలువాను చేత్తో సరిచేసి నీడలో వదిలేయండి. కింద నుంచీ గాలి ఆడుతుంది. దండెం మీద వేస్తే వేసిన చోట గీత పడుతుంది, కొసలు కిందికి సాగుతాయి. కాస్త తేమ ఉండగానే బోర్లా తిప్పి, కుట్టు కింది వైపు ఉండేలా టవల్ మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, తక్కువ వేడితో ఇస్త్రీ పెట్టె ఆనించి తీయండి. లాగకండి.

అన్నీ ఇట్లా ఉతకాల్సిన పని లేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. వాసనను త్వరగా వదిలేస్తుంది. కప్పుకున్న రాత్రి కుర్చీ వెనక వేసి గాలికి వదిలితే తెల్లారేసరికి తేరుకుంటుంది. చలికాలం పోయేటప్పుడు ఒక్కసారి ఉతికితే చాలు.

మరకల్లో పసుపు గురించి చెప్పాలి. మేడారం జాతర అయిన వారం నా దగ్గరికి వచ్చే శాలువాలన్నీ పసుపు మరకలవే. అక్కడ బంగారం అని పిలుచుకుని పంచుకునే బెల్లం జిగురు కూడా. బెల్లానికి తడిగుడ్డ చాలు, కరిగిపోతుంది. పసుపు మీద మాత్రం సబ్బు పెట్టగానే మరక రక్తంలా ఎర్రబడుతుంది. ఒక పెద్దమ్మ అది చూసి, కుంకుమ కూడా పడిందని ఏడుస్తూ వచ్చింది. కుంకుమ కాదు. హారతికి ఎర్రనీళ్లు ఎట్లా చేస్తాం? పసుపులో సున్నం కలుపుతాం. సున్నంలాగే సబ్బుకూ క్షార గుణం ఉంది. అందుకని సబ్బు పెట్టకండి. చల్లటి నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి గుడ్డతో అద్దండి. మిగిలిన పసుపు ఛాయను పొద్దుటి ఎండకు, ఆ మరక ఒక్కటే కనిపించేలా మిగతాది గుడ్డ కప్పి, ఒక గంట చొప్పున చూపించండి. పసుపు రంగు ఎండకు నిలవదు. రెండు మూడు పొద్దులు పట్టొచ్చు, ఓపిక పట్టండి. కూర నూనె పడితే వెంటనే టాల్కం పౌడర్ చల్లి, రాత్రంతా వదిలి, మెత్తటి బ్రష్షుతో దులపండి.

దాచడం గురించి. మురికితో దాచకండి. పాలిథిన్ వద్దు, లోపలి తేమ బయటికి పోదు. ఉతికి ఉతికి మెత్తబడిన తెల్ల పంచెలో చుట్టండి. మడతల కంటే చుట్ట మంచిది. మడవాల్సి వస్తే ప్రతిసారీ వేరే చోట మడవండి. వేపాకు, లవంగాలు వేస్తే వేయండి, కానీ అవి పురుగును చంపుతాయని నమ్మి తలుపు మూసేయకండి. కలరా ఉండల విషయంలో జాగ్రత్త. అవి బట్టకు తగలకూడదు. ఆ వాసన ఉన్న శాలువాను పసిపిల్లలకు చుట్టొద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ వాసన వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. లోపం ఉందో లేదో మనకు ముందే తెలియదు కాబట్టి ఏ పిల్లకూ చుట్టకండి.

పురుగు పట్టిందని తెలిస్తే ఫ్రీజర్ ఉంది. శాలువాను పాలిథిన్‌లో గాలి లేకుండా బిగించి, ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. మైనస్ 18 డిగ్రీల చలికి గుడ్లు కూడా చస్తాయి. పాలిథిన్ వాడేది ఇక్కడొక్కచోటే. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, లేకపోతే నీటి చెమ్మ బట్టకు పడుతుంది.

కొనేవాళ్లకు ఒక మాట. మనం సన్మానాలకు కప్పే శాలువాల్లో చాలా వాటిలో ఉన్ని ఉండదు. అది తప్పని అనను, గౌరవం ఇచ్చే మనసులో ఉంటుంది. కానీ మూడు వందలకు పశ్మీనా అని ఎవరైనా అంటే నమ్మకండి. లద్దాఖ్ చలిలో బతికే చాంగ్‌థాంగీ మేకల మెత్తటి లోపలి నూగు అది. పోగు మందం 12 నుంచి 16 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక సుమారు 70 ఉంటుంది. ఉంగరంలోంచి దూరితే పశ్మీనా అని చూపిస్తారు, పలచటి పట్టు కూడా దూరుతుంది. అంచు పోగు ఒకటి తీసి అంటించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూస అవుతుంది. చలిమంట దగ్గర కూర్చునే పెద్దవాళ్లకు ఈ తేడా ముఖ్యం. ఉన్ని అంత తొందరగా అంటుకోదు, అంటుకున్నా మంట తీసేస్తే ఆరిపోతుంది. అక్రిలిక్ అనే ప్లాస్టిక్ దారం కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎవరైనా షాహ్‌తూష్ ఉందని చెవిలో చెబితే అక్కడి నుంచి లేచి రండి. చిరు అనే జింకను చంపితేనే ఆ ఉన్ని వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఇప్పుడు ఈ శాలువాను మీ చేతుల్లోకి పంపుతున్నాను. చేతులు ఒకసారి తుడుచుకోండి, ఉంగరాలు లోపలికి తిప్పుకోండి. రఫూకు దారం బజారులో కొనలేదు. ఈ శాలువా కొసనే ఉన్న జాలరు పోగులను ఒక్కొక్కటి లాగి, వాటితోనే నింపాను. అందుకే ఇటువైపు జాలరు పొట్టిగా ఉంది చూడండి. పద్నాలుగింటిలో పదకొండు నింపాను. మిగతా మూడు మామిడి పిందె మధ్యలో పడ్డాయి. వాటికి కుట్టు పని రావాలి, నా చేయి ఇంకా అంత సన్నబడలేదు. పోయిన చలికాలం నుంచి వారానికి రెండుసార్లు కప్పుకుంటున్నాను, కూరగాయలకు పోయేటప్పుడు కూడా.

నడుమ వరుసలో అమ్మా, మీరు కవర్‌లో పెట్టి తెచ్చుకున్నారే, ఎర్రది, అది ఇటు ఇవ్వండి. విప్పి చూద్దాం.